ఫిట్టా, అన్‌ఫిట్టా

కొత్తగా బొగ్గుబాయిలో చేరిన పిల్లలు పొద్దున వాకింగ్‌లో నన్ను ఆపి ఒకటే అడుగుతుంటారు. "కాకా, నీ సర్వీసుల ఎన్ని యాక్సిడెంట్లు చూసినవ్?" చూసినవన్నీ చెప్తే వీళ్ళు రెండు రోజులు డ్యూటీకి నాగా పెట్టి ఇంట్లో పడుకుంటారు. అందుకని చెప్పను. కానీ ఎవరికీ గీత కూడా పడని యాక్సిడెంటు ఒకటుంది. దాని వల్ల నేను ఏడాది పైన మనిషిని కాకుండా పోయాను. మళ్ళీ మనిషినయ్యే దారి పట్టినప్పుడు నా ఇంటివాళ్ళే వద్దన్నారు. మీలో చాలామంది నాయిన అన్‌ఫిట్ అయితే వచ్చిన ఉద్యోగంలోనే ఉన్నారు. కాబట్టి ఇది మీకు వెంటనే అర్థమవుతుంది, కొంచెం గుచ్చుకుంటుంది కూడా. గుచ్చుకోనివ్వండి.

నేను అండర్‌గ్రౌండ్‌లో సర్దార్‌గా చేశాను. షిఫ్టు మొదలు కాగానే అందరికంటే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పును కొట్టి వినాలి. గట్టి చప్పుడొస్తే మనుషుల్ని పనికి పంపాలి, బోలు చప్పుడొస్తే ఆపాలి. చూశానని పుస్తకంలో సంతకం పెట్టాలి. సర్దార్‌కు కళ్ళకన్నా చెవులు ముఖ్యం. నా చెవి మీద నాకు బాగా గర్వం ఉండేది. మూడు నాలుగుసార్లు నేను ఆపమన్న చోటే బండ పడింది, మనుషులు మిగిలారు. దాంతో ఆ గర్వం ఇంకొంచెం తలకెక్కింది.

ఆ రోజు కూడా కొట్టాను. గట్టిగానే మోగింది. సంతకం పెట్టాను. షిఫ్టు సగంలో అక్కడే కూర్చొని టిఫిన్ డబ్బా మూత తీశాను. ఇంతలో పక్క గల్లీలోంచి టింబర్‌మన్ పిలిచాడు. కప్పు కింద దిమ్మెలు నిలబెట్టే మనిషి, నాకు పాతికేళ్ళ దోస్తు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు. "సర్దార్ సాబ్, జర ఇటు రా. ఈ దిమ్మె వంగినట్టు కొడుతున్నది నాకు." డబ్బా అక్కడే పెట్టి పోయాను. పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి గాలి వచ్చి తోసింది. దుమ్ము అణిగాక చూస్తే నేను కూర్చున్న చోట మంచమంత బండ ఉంది. డబ్బా దాని కింద ఉంది.

"నీ పప్పు సచ్చింది, నువ్వు బతికినవ్ పో" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. ఇంటికి పోయి కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను కూడా.

ఇరవై రోజుల తర్వాత చుట్టాల ఇంట్లో వరపూజకు పోయాం. ఫంక్షన్ హాల్లో అందరి మధ్య కూర్చున్నాను. పైన స్లాబు. చూడొద్దనుకుంటూనే చూశాను. చెయ్యి ఊరుకోలేదు. మూలకున్న బూజుకర్ర తెచ్చి, కుర్చీ ఎక్కి స్లాబును కొట్టి విన్నాను. మళ్ళీ కొట్టాను. తాగి వచ్చాననుకున్నారు జనం. నా భార్య చెయ్యి పట్టుకొని కిందికి దింపింది. ఆ రోజు నుంచి ఏ కప్పు కిందా కుదురుగా కూర్చోలేకపోయాను. క్వార్టర్లో అన్నం పెట్టుకొని కంచంతో సహా బయటికి వచ్చేవాణ్ణి. కాళ్ళు ఆగేవి కావు. క్వార్టర్ నుంచి గోదావరి బ్రిడ్జి దాకా, బ్రిడ్జి నుంచి క్వార్టర్ దాకా రోజుకు రెండుసార్లు నడిచేవాణ్ణి. "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్, ఏమైందో చెప్పయ్యా" అని నా భార్య వెంటపడేది. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. బాయికి పోయి, ల్యాంపు తీసుకొని, మనుషుల్ని కిందికి దింపే చైర్‌లిఫ్ట్ దాకా వచ్చి, చెమటలు పట్టి వెనక్కి తిరిగేవాణ్ణి. ఒక నాగా, రెండు నాగాలు, తర్వాత లెక్క తప్పింది.

కాలు విరిగినవాడికి దవాఖానలో మంచం ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు పండ్లు తెస్తారు. తగలని దెబ్బకు నేనేం చూపించాలి? సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకొకటి కూడా చెప్పాలి. నా భయం చావు గురించి కాదు. చెవి గురించి. గట్టిగా మోగిన కప్పు పడింది. ఇక ఏ చప్పుడును నమ్మాలి? నేను సంతకం పెట్టిన చోటుకు పోయినవాళ్ళందరూ ఇన్నేళ్ళూ నా చెవిని నమ్మే పోయారు కదా.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. నా బామ్మర్ది గోలేటి వైపు బాయిలో చేస్తాడు. వాడు ముందుగా నన్ను కాసిపేట అవతల ఒక ఊరికి తీసుకుపోయాడు. అక్కడి మంత్రగాడు నిమ్మకాయ కోసి, వేపమండలతో కొట్టి, తవ్వి వదిలేసిన పాత గల్లీల్లో చచ్చిపోయినవాడొకడు నా భుజమ్మీద కూర్చున్నాడని చెప్పాడు. నల్లకోడి అడిగాడు. ఇచ్చాం. మీరు నవ్వినా సరే, నాకు నాలుగు రోజులు హాయిగా ఉంది. తప్పు నా చెవిది కాదు, భుజమ్మీద వాడిదన్నమాట. ఐదో రోజు వాడు దిగిపోయినట్టున్నాడు, తప్పు మళ్ళీ నాదైంది.

తర్వాత మంచిర్యాలలో నూనె వైద్యం. నుదుటి మీద ధారగా నూనె పోస్తే మనసు చల్లబడుతుందన్నారు. మంచి వైద్యమే కావచ్చు, నాకంటే ముందు పోయించుకున్నామె నిద్ర కళ్ళతో బయటికి వచ్చింది. నా విషయంలో ఎవరూ ఆలోచించనిదేమిటంటే, ఆ వైద్యానికి మనిషిని వెల్లకిలా పడుకోబెడతారు. కళ్ళు తెరిస్తే ఎదురుగా కప్పు, కప్పులో సన్నటి పగులు. సగం ధార కాకముందే లేచి, నూనె కారుతుండగా, నడుముకు తువ్వాలతో రోడ్డు మీదికి వచ్చాను. బామ్మర్ది నా చొక్కా పట్టుకొని వెనక ఉరికాడు.

టింబర్‌మన్ మాత్రం ఏమీ అడక్కుండా ఒక శుక్రవారం నన్ను బండి మీద దర్గాకు తీసుకుపోయాడు. నెమలీకల కట్టతో తల నిమిరి, చేతికి తాయెత్తు కట్టారు. ఆ తర్వాత ఇద్దరం బయట చెట్టు కింద కూర్చున్నాం. "ఏమన్న చెప్పు" అన్నాను. "ఏం చెప్పాలె, కూసో" అన్నాడు. పట్టపగలు ఆ నేల మీదే రెండు గంటలు నిద్రపోయాను. లేచేసరికి వాడు అక్కడే కూర్చొని ఉన్నాడు. తాయెత్తు పని చేసిందో, పైన కప్పు లేకపోవడం పని చేసిందో, పక్కన మనిషి ఉండటం పని చేసిందో నాకిప్పటికీ తెలియదు.

ఈలోగా ఇంట్లో ఇంకో మాట మొదలైంది. నా కొడుకు డిప్లొమా చదివి జైపూర్ ప్లాంటులో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. ఎప్పుడు తీసేస్తారో తెలియని పని. సర్వీసు ఇంకా మిగిలి ఉండగా మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ అంటే కొడుక్కు కంపెనీలో ఉద్యోగం వస్తుంది. నా బామ్మర్దికి అట్లనే వచ్చింది. "బావా, ఎట్లైన దిగలేకపోతున్నవ్ గదా. దరఖాస్తు పెట్టు. పోరడు సెటిలైతడు" అన్నాడు. ఆనాటికి అది అబద్ధం కాదు, నిజంగానే దిగలేకపోతున్నాను. పెట్టాను. ఆ కాగితం మీద సంతకం చేస్తున్నప్పుడు నా కొడుకు ముఖం చూశాను. చాలా రోజులకు వాడి ముఖంలో వెలుతురు కనిపించింది.

దరఖాస్తుతో పాటు దవాఖానకు తిప్పారు. అక్కడి డాక్టరు మాత్రలు రాసి, గురువారం గురువారం కూర్చునే కౌన్సెలింగ్ మేడం దగ్గరికి పంపాడు. ఖమ్మం అవతలి అమ్మాయి, వయసులో నా కొడుకు కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. ఈమెకేం తెలుసు బాయి సంగతి అనుకున్నాను. మొదటి రోజు గది గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆమె లేచి తన కుర్చీ తనే మోసుకొని బయట చెట్టు కిందికి తెచ్చుకుంది. "ఇక్కడే మాట్లాడుకుందాం" అంది.

రెండో గురువారం భయం పదికి ఎంత అని అడిగింది. "ఇదేంది మేడం, పరీక్షనా?" అన్నాను. "అవును, కానీ మార్కులు తగ్గితేనే పాస్" అంది. తొమ్మిది అన్నాను. వారానికి ఒక్కో మెట్టు పెట్టింది. వరండాలో కూర్చోవడం. గదిలో తలుపు తీసి కూర్చోవడం. తలుపు వేసి కూర్చోవడం. తర్వాత బాయి దగ్గరికి పోయి ల్యాంపు రూంలో పావుగంట ఉండి రావడం. చేతి తాయెత్తు చూసి తీసేయమంటుందనుకున్నాను. "మీకు ధైర్యమనిపిస్తే ఉంచుకోండి. మాత్రలు మాత్రం మానొద్దు" అంది.

ఒకరోజు ఇట్లా అడిగింది. "ఆ రోజు కర్రతో కొట్టినప్పుడు చప్పుడు ఎలా వచ్చింది? నోటితో చేసి చూపించండి." నాకు నవ్వొచ్చింది. చేశాను, ఖణ్ ఖణ్ అని. చేసిన వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. ముసలోణ్ణి, కర్చీఫు కూడా లేదు. ఆమె ఆగమనలేదు. ఏడ్వడం అయ్యాక, "గట్టిగా వినిపించింది కాబట్టి గట్టి అని రాశారు. ఆ తర్వాత పడటం బండ పని. దానికి మీరు సంతకం పెట్టలేదు" అంది. అంత చిన్న మాట. ముప్పై ఏళ్ళు బండల కింద బతికినవాడికి ఆ మాట ఒక్కడూ చెప్పలేదు. ఆ సాయంత్రం క్వార్టర్లో, స్లాబు కింద కూర్చొని అన్నం తిన్నాను. నా భార్య గిన్నె పట్టుకొని అట్లనే నిలబడింది. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ముఖంలో ముందు సంతోషం వచ్చింది, ఆ వెనకే ఫికర్ వచ్చింది. వాకిట్లో కొడుకు చెప్పులు విప్పుతున్నాడు.

పదిహేను రోజుల్లో బోర్డు తారీకు వస్తుందన్నారు, రాలేదు, వెనక్కి పోయింది. ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. బామ్మర్ది వచ్చాడు. "బావా, బోర్డోళ్ళు మేడం రాసిన ఫైలు సూస్తరు. మంచిగైతున్నడని రాసుంటె ఖేల్ ఖతం. జర సంబాళించుకో." నేను నెమ్మదిగా అడిగాను. "అంటే నన్ను మంచిగ గావద్దంటవా?" వాడు నా వైపు చూడలేదు. "బోర్డు అయినంక మంచిగగా, ఎవరొద్దన్నరు" అన్నాడు.

మరుసటి గురువారం మేడం పదికి ఎంత అంది. నిజానికి మూడు. ఎనిమిది అన్నాను. కుర్చీని మళ్ళీ గుమ్మం బయటికి లాక్కున్నాను. ఆమె రాసుకుంది. ఆ తర్వాతి వారమూ అంతే. ల్యాంపు రూంకు పోలేకపోయానని చెప్పాను, పోయి వచ్చి కూడా. చేతులు వణికించడం నేర్చుకున్నాను. సర్వీసంతా పోని రోజుకు పోయినట్టు దొంగ మస్టర్ వేయించుకోనివాణ్ణి, భయానికి దొంగ మస్టర్ వేయడం మొదలుపెట్టాను. మన కాలరీల్లో తప్ప ఇటువంటి తెలివితక్కువ పని ఎవరూ చేయరు. ఇంకెక్కడైనా మనిషి జబ్బు తగ్గిందని దాచుకుంటాడా?

ఐదో వారం దవాఖాన నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాను. ముద్ద నోటిదాకా పోయి ఆగింది. పైకి చూశాను. చెయ్యి వణకడం మొదలైంది. ఆపుదామనుకుంటే ఆగలేదు. అది నేను వణికించిన వణుకు కాదు. కంచం తోసి బయటికి వచ్చి, ఆ ఎండలో బ్రిడ్జి దాకా పోయాను. రెండు రోజులు చూశాను, మూడు రోజులు చూశాను. నటించిన భయం నాతో పాటు ఇంటికి వచ్చి కూర్చుంది.

గురువారం దాకా ఆగలేక సోమవారమే మేడం దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. "మూడో వారమే అనుమానం వచ్చింది. భయమున్నవాళ్ళు కుర్చీ బయటికి లాక్కునేటప్పుడు గుమ్మాన్ని చూస్తారు. మీరు నన్ను చూశారు" అంది. తర్వాత, "నటన కూడా సాధనే సర్దార్ గారూ. రోజూ భయాన్ని సాధన చేస్తే భయమే బాగా వస్తుంది. నేను చూసింది చూసినట్టు ఫైల్లో రాస్తాను. పెంచను, తగ్గించను. బోర్డులో మాట్లాడేది మీరు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "మీకేంది మేడం, నౌకరి ఉన్నది, చెప్తరు" అన్నాను.

"నిజమే" అంది. ఇంకేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే పోట్లాడి బయటపడేవాణ్ణి.

బోర్డు కూర్చునేది దూరంగా, కంపెనీ పెద్ద దవాఖానలో. కొడుకు తోడొచ్చాడు. తెల్లవారగానే బస్సెక్కాం. దారంతా నా సంచీ వాడే పట్టుకున్నాడు, నీళ్ళ సీసా మూత వాడే తీసి ఇచ్చాడు. దవాఖాన వరండాలో బెంచీల నిండా మా జనమే. ఒకడు దగ్గు సాధన చేస్తున్నాడు. ఇంకొకడు గేటు దాకా చేతి కర్రను భుజమ్మీద మోసుకొచ్చి, అక్కడి నుంచి దాని మీద ఆనుకొని నడిచాడు. గోడ పక్కన నిజంగా ఊపిరాడని మనిషి ఒకతను కూర్చొని ఉన్నాడు. అతన్ని చూశాక కాసేపు ఎవరూ దగ్గలేదు. నేను కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. "నాయినా, లోపల గూడ గిట్లనే ఉండు" అన్నాడు కొడుకు మెల్లగా.

లోపలికి పిలిచారు. తలుపు వేశారు. ముగ్గురు డాక్టర్లు. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఫైలు తిరగేసి, "ఇప్పుడెట్లుంది? మళ్ళ దిగగలుగుతవా?" అన్నాడు.

బామ్మర్ది నేర్పినట్టు పైకి చూసి వణకాలి. చూశాను. ఒకచోట చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులు లేచింది. నేను చూసింది అంతే. చెయ్యి వణికింది, కొంచెం. వదిలితే ఇంకా వణికేది. ఆ ఒక్క నిమిషం నా చేతిలో ఉందని నాకు బాగా తెలుసు. ఆ వణుకుకు కొంచెం చోటిస్తే చాలు, వీళ్ళు అన్‌ఫిట్ రాస్తారు, కొడుక్కు ఉద్యోగం వస్తుంది. కానీ ఆ భయం ఇక నన్ను వదలదు.

"అప్పుడు దిగలేకపోయిన సార్. ఇప్పుడు భయముంటది, కానీ దిగుత" అన్నాను.

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. "కొడుకున్నట్టున్నడు. ఆలోచించే చెప్తున్నవా?"

"ఆలోచించిన సార్."

ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు నాకో పూలదండ వేయడానికి చూస్తారు. కొడుకును ఆ బండల కిందికి పంపడం ఇష్టం లేక త్యాగం చేశావు కాకా అంటారు. కాదు. కొడుకు ప్రాణం సంగతి ఆ సమయంలో నా మనసులోకే రాలేదు. మళ్ళీ ఆ పిల్లి బతుకు నాకు వద్దు, అంతే. నా కోసం చెప్పాను. కొడుకు నోటి దగ్గరి ముద్ద తీసి చెప్పాను. ఇది మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే బాగుపడటం మంచిపనే అయినా అందరికీ మంచి చేసే పని కాదు.

బయటికి వచ్చేసరికి కొడుకు రెండు కప్పుల చాయ్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ఏమన్నరు?" అన్నాడు. "ఫిట్" అన్నాను. "వాళ్ళన్నరా, నువ్వన్నవా?" అన్నాడు. రెండు కప్పులూ గోడ మీద పెట్టి నడిచిపోయాడు. తిరుగు బస్సులో వాడు ముందు సీట్లో, నేను వెనక సీట్లో. దారంతా వాడి మెడ చూస్తూ వచ్చాను.

మళ్ళీ డ్యూటీలో చేరాను. మొదటి రోజు చైర్‌లిఫ్ట్‌లో టింబర్‌మన్ నా ముందు కుర్చీలో కూర్చొని దారంతా వెనక్కి తిరిగి చూస్తూ దిగాడు. లోపల కర్రతో కొట్టాను. గట్టిగా మోగింది. పుస్తకం తీశాను, కలం కదల్లేదు. వాడు నా చేతిలో కర్ర తీసుకొని తనూ కొట్టాడు. "నాకు గట్టిగనే ఇనబడ్డది. నీకు?" అన్నాడు. "నాకూ అంతే" అని సంతకం పెట్టాను. రిటైరయ్యేదాకా ఇద్దరం కొట్టి వినేదే. రూల్లో లేదు. ఎవరూ అడగలేదు. మీకు మాత్రం చెప్తున్నాను, చెవి ఒక్కటే ఉంటే గర్వం వస్తుంది, రెండో చెవిని తోడు పెట్టుకోండి.

ఇంట్లో మాత్రం కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా ఉంటే తల్లితో చెప్పేవాడు. నేను రిటైరయ్యాను, సన్మానం చేశారు, వాడు వచ్చి వెనక నిలబడి పోయాడు. జైపూర్ కాంట్రాక్టు ఒకసారి పోయింది, మళ్ళీ ఇంకొకరి కింద దొరికింది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. "ఆ మేడం ఏ వారం కూసుంటది?" అన్నాడు.

"ఆమె బదిలీ అయి పోయింది. కొత్తగా ఇంకొకరొచ్చిన్రట. ఎవరికి?"

"నాకే. నిద్ర పడ్తలేదు."

"పోదాం పా, నేనొస్త."

వాడు కదల్లేదు. "ఆమెకైతే ఒక మాట చెప్పుకుందామనుకున్న. ఇంట్ల చెప్పేది కాదు."

"చెప్పు" అన్నాను. ఇద్దరం ఒకే మంచం మీద చెరో కొసన కూర్చున్నాం. నా కాళ్ళు లేచి పొమ్మని పోరుపెట్టాయి, కూర్చున్నాను.

"నువ్వు మంచిగైతున్నప్పుడు నాయినా" అన్నాడు కింద చూస్తూ, "మంచిగ గావద్దని మొక్కిన."

"నువ్వొక్కనివే కాదు కొడుకా. ఇంటిల్లిపాది మొక్కినం. నేను గూడ" అన్నాను.

వాడు ఏడ్చాడు. నేను ఆగమనలేదు, లేచి బయటికి పోనూలేదు.